కొత్త ఊళ్ళో పచ్చిగా ఏం తింటారు?

ఈ ఏడాది పెద్ద తరగతుల పిల్లల టిఫిన్ డబ్బాల్లో అన్నం, చపాతీ తగ్గాయి. వాటి చోట కీరదోస ముక్కలు, సీసాలో నానిన చియా గింజలు, ఓ ఆపిల్ కనిపిస్తున్నాయి. అడిగితే "రా ఫుడ్‌కి మారుతున్నాం మేడం" అంటున్నారు. పొయ్యి ఎక్కిన తిండి చచ్చిన తిండి అని ఫోన్లో ఎవరో చెప్పారట. కొందరికి బరువు తగ్గాలని, కొందరికి మొటిమలు పోవాలని, కొందరికి పక్క బెంచీ అమ్మాయి మొదలుపెట్టింది కాబట్టి. ఆరో పీరియడ్ వచ్చేసరికి వీళ్ళలో సగం మంది తలలు బల్ల మీద వాలిపోతున్నాయి. నేను చెప్పే సంధులు, సమాసాలు అంత నిద్ర తెప్పిస్తాయంటే ఒప్పుకోను. అది ఆకలి.

తెలుగు పాఠాలు చెప్పుకునే ఆవిడకి ఈ తిండి గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. ఉద్యోగంలో చేరాక ఆరు ఊళ్ళు తిరిగాను. ఆరు చోట్లా ఆరు రకాల సంతల్లో బేరాలాడాను. అందుకని ఈ విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. పచ్చిగా తినడం మంచి అలవాటే. అయితే దాన్ని ఫోన్ చూసి కాదు, మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి సంత చూసి మొదలుపెట్టాలి. అది పళ్ళెంలో ఒక భాగంగా ఉండాలి తప్ప, పళ్ళెం అంతా అదే కాకూడదు. ముఖ్యంగా మీ వయసులో.

పచ్చి ఆహారం పాటించేవాళ్ళు సాధారణంగా 40 నుంచి 48 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక గీత గీసుకుంటారు. అంతకు మించి వేడి తగిలిందేదీ ముట్టరు. పళ్ళు, పచ్చి కూరలు, ఆకులు, నానబెట్టిన పప్పులు, మొలకలు, గింజలు, కొబ్బరి, ఇవే వాళ్ళ భోజనం. ఇది ఏదో విదేశం నుంచి దిగుమతి అయిన కొత్త సంగతి అనుకోకండి. శ్రీరామనవమికి మనం చేసే వడపప్పు, పానకం, పచ్చి చలిమిడి, వీటికి పొయ్యితో పనేముంది? ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడి ముక్కలు, కొత్త చింతపండు, బెల్లం, అన్నీ పచ్చివే. తెలంగాణ ఇళ్ళల్లో పచ్చిపులుసుకి ఆ పేరెందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. దోసకాయ ముక్కలు కాస్త నలగ్గొట్టి చేసే పచ్చడి కూడా అంతే. మంతెన సత్యనారాయణ రాజు గారి మాటలు టీవీలో విని మొలకలు నానబెట్టుకునే తాతయ్యలు, నానమ్మలు మీలో చాలామందికి ఉండే ఉంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం బదిలీల వాళ్ళం. మీ నాన్నగారో అమ్మగారో సైన్యంలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో పనిచేస్తూ ఉంటారు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో సామాను లారీ ఎక్కుతుంది. ఆ లారీలో అన్నిటికన్నా జాగ్రత్తగా ప్రయాణం చేసేవి ఏవి? ఆవకాయ జాడీ, చింతపండు డబ్బా, కందిపొడి, ఇంగువ, ఊరి నుంచి తెచ్చుకున్న సోనామసూరి బస్తా. బయట ఏ రాష్ట్రమైనా మన వంటింట్లో మాత్రం గుంటూరే, వరంగల్లే. కొత్త ఊళ్ళో కొత్త కూర కనిపించినా దానికి మన పోపే పెట్టి, మన కారమే చల్లి, మన పులుసులోకే దింపుతాం. ఉడికిన ఆ కూర ఇక ఏ ఊరిదో దానికే గుర్తుండదు. ఇలా పదేళ్ళు పరాయి రాష్ట్రంలో ఉండి కూడా అక్కడి రుచి ఒక్కటీ నాలుక మీద పడకుండా తిరిగి వచ్చేసిన కుటుంబాలు నాకు తెలుసు.

పచ్చి తిండితో ఆ వీలు లేదు. తాటి ముంజెలు కోసిన కాసేపటికే తినాలి. జామకాయ వారానికి మెత్తబడిపోతుంది. లేత ముల్లంగిని లారీలో తీసుకెళ్ళలేం. పచ్చిగా తినేది ఏ ఊరికి ఆ ఊరే ఇవ్వాలి. (ఆవకాయకు మాత్రం పొయ్యి ఎక్కడ పెట్టాం, అదీ పచ్చిదే కదా అని తెలివైన వాళ్ళెవరో అడుగుతారు. నిజమే. ఉప్పు, ఆవపిండి, నూనె కలిసి పొయ్యి చేయవలసిన కాపలా పని చేస్తాయి. అందుకే అది లారీ ఎక్కగలిగింది. చెంచా కొలతలో తినేదాన్ని భోజనంలో లెక్క వేయకండి.)

షిల్లాంగ్‌లో ఉన్నప్పుడు చలికాలం మొదట్లో ఇయేదు బజారుకి వెళ్తే, మట్టి రంగు తొక్కతో చిన్న చిన్న దుంపలు కట్టలు కట్టి అమ్ముతుండేవారు. ఖాసీ భాషలో వాటిని సోఫ్లాంగ్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు ఉడకబెట్టి వేపుడు చేయాలేమో అనిపిస్తుంది, మన బుద్ధి అటే పోతుంది. అమ్మే ఆవిడని అక్కడ 'కాంగ్' అని పిలవాలి, మన 'అక్కా' లాగే. ఆ కాంగ్ ఒక దుంప చేతిలోకి తీసుకుని, గోటితో తొక్క లాగేసి, తెల్లటి గడ్డని నా చేతిలో పెట్టింది. కొరికితే కరకరమంటూ నీళ్ళూరింది. కాస్త తీపి, కాస్త పచ్చి వేరుశెనగ వాసన. ఆ వాసనకి కారణముంది. ఈ మొక్క కూడా వేరుశెనగ, చిక్కుడు ఉన్న కుటుంబానిదే. అక్కడివాళ్ళు దాన్ని ఒట్టిగానూ తింటారు, వేయించి నూరిన పెరిల్లా గింజల ముద్దలో అద్దుకునీ తింటారు. ఆ ముద్దని 'నేయ్‌లియే' అంటారు. చూడ్డానికి మన నువ్వుల పొడి తడిపినట్టు ఉంటుంది. ఇంతకీ ఆ రోజు నేను ఒక దుంప రుచి మాత్రమే తెలుసుకోలేదు. ఖాసీలో ఒక పిలుపు, రెండు పేర్లు, ఒక రుతువు, తొక్క ఎలా తీయాలో కూడా తెలుసుకున్నాను. ఆ తర్వాత మూడేళ్ళూ ఆ కాంగ్ నన్ను దూరం నుంచే గుర్తుపట్టేది. అదే దుంపని ఇంటికి తెచ్చి ఉల్లిపాయ వేసి వేయించి ఉంటే ఇందులో ఏ ఒక్కటీ జరిగేది కాదు.

అస్సాంలో బియ్యమే ఆశ్చర్యపరిచింది. బోకా చావుల్ అని ఒక రకం ఉంది. చన్నీళ్ళల్లో నానబెడితే చాలు, గంట తిరిగేలోపు మెత్తటి అన్నమైపోతుంది. పెరుగు, బెల్లం కలుపుకుని పొద్దున్నే తింటారు. అహోం సైనికులు దీన్ని మూట కట్టుకుని యుద్ధాలకి వెళ్ళేవారని చెబుతారు. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. ఈ బియ్యం చేయడానికి ముందే వడ్లని ఉడకబెట్టి ఎండబెడతారు. కాబట్టి గీత గీసుకుని కూర్చున్న రా ఫుడ్ వాళ్ళు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళ లెక్కలో మన అటుకులు కూడా పనికిరావు. గ్యాస్ అయిపోయిన రోజు మాత్రం ఈ లెక్కలు ఎవరికీ గుర్తుండవు.

మణిపూర్ పిల్లలు మీ క్లాసులో ఉంటే సింజూ గురించి అడగండి. సన్నగా తరిగిన క్యాబేజీ, తామర తూడు, యోంగ్‌చాక్ అనే పొడవాటి చెట్టు చిక్కుడు, వేయించిన శెనగల పొడి, మిరపకారం, అన్నీ చేత్తో పిసికి కలుపుతారు. కొందరు అందులో పులియబెట్టిన చేప కూడా వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే అడిగి తినాలి. యోంగ్‌చాక్ వాసన గురించి నేనేమీ రాయను. మొదటిసారి ముక్కు మూసుకుంటారు, నాలుగోసారి మీరే అడిగి వేయించుకుంటారు.

అల్మోరా వైపు కొండల్లో చలికాలం ఎండలో కూర్చుని పెద్ద నిమ్మకాయ తొనలు, ముల్లంగి, పెరుగు, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన ఉప్పు కలిపి పెద్ద గిన్నెలో పిసుకుతారు. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళంతా ఒక్క గిన్నె చుట్టూ చేరతారు. కాశ్మీర్‌లో ముల్లంగి కోరి పెరుగులో కలిపి 'మూజ్ చెటిన్' చేస్తారు, అక్రోట్లు నూరి మరో రకం. ఉత్తరాదిలో దసరా, దీపావళి రోజుల్లో తోపుడు బళ్ళ మీద సింఘాడాలు కుప్పలు పోస్తారు, చెరువు నీళ్ళల్లో పెరిగే కాయలు. ఇవి పచ్చిగా ఎంతో బాగుంటాయి. అయితే పళ్ళతో కొరికి తొక్క తీయకండి. చెరువు నీటిలోని పరాన్నజీవులు తొక్కకి అంటుకుని ఉండవచ్చు. బాగా కడిగి చాకుతో తీయాలి. కర్ణాటకకి వెళ్ళినవాళ్ళకి అసలు బెంగే ఉండదు. మన వడపప్పులోనే కీరదోస, కొబ్బరి కోరు చేర్చి కోసంబరి అంటారు, అదీ రామనవమికే చేస్తారు, పక్కన పానకంతో సహా.

బస్తర్ ప్రాంతం మాట వేరు. జగదల్‌పూర్ సంతలో వేసవి మొదలవగానే ఆకు డొప్పల్లో చార్ పళ్ళు, తెందూ పళ్ళు వస్తాయి. చార్ అంటే ఏమిటో తెలుసా? మన మొర్రిపండు. దాని గింజలోంచి వచ్చేదే మిఠాయిల మీద చల్లే సారపప్పు. తెందూ అంటే తునికి, ఎవరి ఆకుతో బీడీలు చుడతారో ఆ చెట్టు పండు. ఆదిలాబాద్, ఖమ్మం అడవుల పక్కన పుట్టిన పిల్లలకి ఇవి చిన్నప్పటి నేస్తాలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగిన నాలాంటి వాళ్ళం మాత్రం సొంత భాషలోని ఆ రెండు మాటలకి రుచి తెలుసుకోవడానికి ఛత్తీస్‌గఢ్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. నిఘంటువులో 'మొర్రి' అనే మాట ఎన్నోసార్లు చూశాను. అది నల్లగా, చిన్నగా, తియ్యగా ఉంటుందని ఆ డొప్పలోంచి తీసి తిన్నప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఫోన్ చెప్పే పచ్చి ఆహారం చూడండి. అవకాడో, కేల్, చియా, బ్లూబెర్రీ. షిల్లాంగ్‌లో ఉన్నా, జోధ్‌పూర్‌లో ఉన్నా, విశాఖలో ఉన్నా అదే పట్టిక. ఇది మన ఆవకాయ జాడీకి మరో రూపం తప్ప మరొకటి కాదు. ఊరు మారినా పళ్ళెం మారదు. పైగా ఖర్చు. ఒక్క అవకాడో ధరకి సంతలో వారానికి సరిపడా జామకాయలు వస్తాయి. విటమిన్ సి లెక్క చూసినా నారింజ కంటే జామలో నాలుగు రెట్లు ఉంటుంది. ఇంటి పక్క దొరికేదాన్ని చిన్నచూపు చూసి, దూరం నుంచి వచ్చేదానికి దండం పెట్టే అలవాటు మనకి ఒక్క తిండిలోనే కాదులెండి, అది వేరే వ్యాసం అవుతుంది.

అంతా పచ్చిగానే తింటే ఏమవుతుంది? ఈ ప్రశ్నని మన దేశంలో చాలా పట్టుదలతో అడిగిన మనిషి గాంధీజీ. 1893లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ప్రిటోరియాలో ఉండగా వండని తిండి మీద ఒక ప్రయోగం చేసి, పది పన్నెండు రోజులకి ఆపేశారు. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత, 1929 వేసవిలో ఆంధ్ర పర్యటనకి వచ్చారు. అప్పుడు రాజమండ్రిలో కలిసిన ఒక ప్రకృతి వైద్యుడి మాటలు ఆయన్ని మళ్ళీ అదే దారి పట్టించాయి. ఈసారి మొలకెత్తిన గోధుమలు, మొలకెత్తిన శెనగలు, బాదం ముద్ద, నూరిన ఆకులు, నిమ్మకాయలు, తేనె. ఎంత తిన్నారో, బరువు ఎంత తగ్గిందో కొలిచి, తూచి తన పత్రికలో రాస్తూ వచ్చారు. ఆగస్టు వచ్చేసరికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆపి మేకపాలకి తిరిగి వచ్చారు. ఆ సంగతీ పత్రికలో దాచకుండా రాశారు. నాకు నచ్చేది దాని తర్వాత జరిగింది. 1935లో వార్ధా మగన్‌వాడిలో ఆయన మళ్ళీ పచ్చి తిండి వైపు చూశారు. ఈసారి భోజనం అంతా అదే అనలేదు. చుట్టుపక్కల దొరికే ఆవాకు, ముల్లంగి ఆకు లాంటివి కాసిని కడిగి పచ్చిగా తిని, వాటి గురించి హరిజన్‌లో రాశారు. పట్టు సడలించి, చేతికందిన ఆకు దగ్గరికి వచ్చారన్నమాట.

గాంధీజీకి అప్పటికి అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. మీకు పధ్నాలుగు. తేడా ఇక్కడే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ అమ్మాయికి రోజుకి సుమారు 2,400 కేలరీలు కావాలి, అబ్బాయికి 2,860. వంద గ్రాముల కీరదోసలో ఉండేవి పదిహేను. లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళకుండానే చెబుతాను, కీరదోసతోనే కడుపు నింపుకోవాలనుకున్న అమ్మాయి రోజుకి పదహారు కిలోలు తినాలి. బాదం, కొబ్బరి, అరటిపళ్ళతో ఆ లోటు కొంత పూడ్చవచ్చు. డబ్బాలో ఆపిల్, చియాతో ఎవరూ పూడ్చలేరు. బి12 విటమిన్ మొక్కల నుంచి రానే రాదు, పాలు, పెరుగు మానేస్తే శాకాహారికి దారి మూసుకుపోతుంది. పచ్చిగా ఉండాలని పచ్చిపాలు తాగే ఆలోచన అసలు పెట్టుకోకండి, పాలు కాచే తాగాలి. జర్మనీలో పచ్చి ఆహారమే తినేవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 1999లో వెలువడింది. అందులో నలభై అయిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి నెలసరి క్రమం తప్పడమో, ఆగిపోవడమో కనిపించింది. ఆడపిల్లలు ఈ వాక్యం రెండోసారి చదవండి. ఒళ్ళు తనకి చాలడం లేదని చెప్పే పద్ధతుల్లో అదొకటి. అలాంటిదేదైనా కనిపిస్తే సిగ్గుపడి దాచకుండా అమ్మకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వండితే పోషకాలన్నీ పోతాయన్న మాట సగమే నిజం. విటమిన్ సి వేడికి పోతుంది, అది నిజం. టమాటాకి ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ మాత్రం ఉడికాకే ఒంటికి ఎక్కువ పడుతుంది. క్యారట్ కూడా కాస్త నూనెతో ఉడికినప్పుడే ఎక్కువ మేలు చేస్తుంది. అందుకే మన భోజనంలో పప్పు పక్కన ఉల్లిపాయ ముక్క, కూర పక్కన పెరుగుపచ్చడి ఉంటూ వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు తినమంది. అందులో ఎంత పచ్చిగా, ఎంత ఉడికించి అన్నది మీ ఊరి సంతని బట్టి, రుతువుని బట్టి మీరే నిర్ణయించుకోవచ్చు.

మరి అన్నీ పచ్చిగా తినవచ్చా? ఇక్కడే ఊరివాళ్ళ అవసరం పడుతుంది. రాజ్మా గింజలు పచ్చివి నాలుగైదు తిన్నా వాంతులు పట్టుకుంటాయి. వాటిలోని విషపదార్థం నానబెడితే పోదు, మొలకెత్తించినా పోదు, కుతకుత ఉడికితేనే పోతుంది. పెసలు మొలకెత్తించి తింటున్నాం కదా అని రాజ్మాని కూడా అదే గిన్నెలో వేయకండి. కేరళకో, మన గోదావరి జిల్లాలకో వెళ్తే కర్రపెండలం దొరుకుతుంది. అది పచ్చిగా తింటే సయనైడ్ విడుదలవుతుంది. ఈశాన్య రాష్ట్రాల వెదురు మొలకల్లోనూ అదే ప్రమాదం. అక్కడివాళ్ళు వాటిని ఉడికించో, పులియబెట్టో తింటారు తప్ప ఊరికే కొరకరు. చేమదుంప, చేమాకు పచ్చిగా తింటే గొంతులో సూదులు గుచ్చుకున్నట్టు దురద. సొరకాయ రసం ఆరోగ్యమని తాగేవాళ్ళున్నారు. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాలుక మీద చేదు తగిలితే ఆ గుక్క ఉమ్మేయాలి. చేదైతే మందు, ఒంటికి మంచిది అన్న సామెత లాంటి మాట ఇక్కడ పనిచేయదు. మొలకలు వెచ్చగా, తడిగా ఉంటాయి కాబట్టి సూక్ష్మజీవులకి కూడా ఇష్టమే. ఎండాకాలంలో ఒకరోజు దాటిన మొలకలు పారేయండి. కడుపు బాగాలేని రోజు ఆవిరి మీద కాసేపు పెట్టి తినండి, రా ఫుడ్ పోలీసులు ఎవరూ రారు.

ఇందులో సగం పుస్తకాల్లో ఉంటుంది. మిగతా సగం అమ్మేవాళ్ళ నోట్లో ఉంటుంది. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుందో, ఏ కాయని ఉప్పునీళ్ళల్లో వేయాలో, ఏ దుంపని అసలు పచ్చిగా ముట్టకూడదో కూరలమ్మే అవ్వకి తెలిసినంత ఏ వీడియోకీ తెలియదు. కాబట్టి కొత్త ఊళ్ళో ముందుగా నేర్చుకోవాల్సిన వాక్యం ఒకటుంది. "ఇది పచ్చిగా తింటారా?" హిందీలో "యే కచ్చా ఖాతే హైఁ క్యా?" ఆ ఊరి భాషలో ఇంకోలా ఉంటుంది, క్లాసులో పక్కనున్న పిల్లనో పిల్లాడినో అడిగి నేర్చుకోండి. నేను తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి ఒక మాట. మన 'పచ్చి' చాలా పెద్ద మాట. వండనిదీ పచ్చే, పండనిదీ పచ్చే, ఆరనిదీ పచ్చే. పచ్చిమిర్చి, పచ్చి కొబ్బరి, పచ్చి పుండు, పచ్చి నిజం. మరో భాషలోకి వెళ్ళగానే ఇది నాలుగైదు మాటలుగా విడిపోతుంది. మీరు 'కచ్చా ఆమ్' అంటే అమ్మే ఆయన పుల్లటి మామిడికాయ అనుకుంటాడు, వండనిది అనుకోడు. ఆ తికమకలో కాస్త నవ్వుకుంటారు, ఆ నవ్వుతో స్నేహం మొదలవుతుంది.

మారాలనుకునేవాళ్ళు వారానికి ఒక కొత్త పదార్థం తెచ్చుకోండి, రెండు వద్దు. కొత్తది మొదటిరోజు రెండు ముక్కలే తినండి, ఒంటికి పడుతుందో లేదో తెలుస్తుంది. నడుస్తున్న నీళ్ళ కింద కడగండి, ఆకులైతే విడివిడిగా. అన్నం, పప్పు, చపాతీ, పెరుగు వాటి చోట అవి ఉండనివ్వండి. పరీక్షల నెలలో అసలు మొదలుపెట్టకండి. అమ్మ అలవాటు లేని ఆకు చూసి కంగారుపడితే ఆవిడని కూడా సంతకి తీసుకెళ్ళండి. మన అమ్మల్లో చాలామందికి బదిలీ అయిన ఊళ్ళో మాట్లాడడానికి ఒక మనిషి దొరకడమే కష్టం. కూరలమ్మే ఆవిడ ఆ మొదటి మనిషి కావచ్చు.

ఏప్రిల్‌లో మళ్ళీ బదిలీ ఉత్తర్వులు వస్తాయి. మీలో కొందరు ఈ వ్యాసం చదివేసరికి పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. వెళ్ళిన ఊళ్ళో పచ్చిగా తినేది ఏదైనా కొత్తది కనిపిస్తే ఈ తెలుగు పేజీలకి రాసి పంపండి. దానికి తెలుగు పేరు ఉంటే అదీ రాయండి, లేకపోతే మీరే ఒకటి పెట్టండి. సోఫ్లాంగ్‌కి ఇన్నేళ్ళుగా నాకు సరైన తెలుగు పేరు తోచలేదు. ఒకప్పటి నా ఎనిమిదో తరగతి పిల్లలు 'కొండగడ్డ' అన్నారు, మరొకడు 'కరకర దుంప' అన్నాడు. రెండోదే నాకు నచ్చింది. మీ ఉత్తరం పెద్దగా ఉండక్కర్లేదు. అక్కడి పేరు, దొరికే నెల, తొక్క తీయాలా వద్దా, మీకు చెప్పింది ఎవరు, ఈ నాలుగూ ఉంటే చాలు.